పీకే ముందు, పిల్లల చేత మ్యాపు గీయించండి

చెరువు ఒడ్డున బ్యానర్, చేతులకు గ్లవ్స్, మోకాళ్ళ దాకా బురద, వెనకాల పీకి పోసిన గుర్రపుడెక్క గుట్ట, ముందు వరసలో నవ్వుతూ స్టూడెంట్లు. ఈ ఫోటో అందరం చూశాం, ఏటా చూస్తూనే ఉంటాం. ఫోటోలో ఉన్న పిల్లల మీద నాకు గౌరవమే, వాళ్ళు ఆ రోజు నిజంగా ఒళ్ళు వంచి పనిచేశారు. నా గొడవంతా ఆ కార్యక్రమం తలపెట్టిన పెద్దవాళ్ళతో. రెండు నెలలు పోయాక అదే ఒడ్డున, అదే చోట నిలబడి ఇంకో ఫోటో తీయాలని వాళ్ళలో ఒక్కరికీ తోచదు. తోచి తీస్తే మాత్రం, రెండూ పక్కపక్కన పెట్టి చూశాక, మొదటిదాన్ని ఎవరూ మళ్ళీ షేర్ చెయ్యరు.

లెక్క వేసి చూడండి, పెద్ద కష్టమేం లేదు. అనుకూలమైన నీళ్ళు దొరికితే గుర్రపుడెక్క ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మనం మెల్లగానే పెరుగుతుందని, రెండు వారాలకోసారి రెట్టింపవుతుందని అనుకుందాం. చెరువంతా నిండిపోయి ఉంటే పిల్లలంతా కలిసి ఒక్కరోజులో 95 శాతం తీసేశారనే అనుకుందాం, అంత తీయడం మంచి యంత్రాలకు కూడా కష్టమే, అయినా వాదన కోసం ఒప్పుకుందాం. మిగిలింది 5. రెండు వారాలకు 10, నెలకు 20, నెలన్నరకు 40, రెండు నెలలకు 80. అంతే, ఫోటోకి వచ్చిన లైకులు ఆగిపోయే లోపు చెరువు మళ్ళీ పచ్చగా అయిపోతుంది. ఇది కంటికి కనబడే మొక్కల సంగతి మాత్రమే. అడుగున బురదలో పడి ఉన్న గింజలు ఏళ్ళ తరబడి, ఒక్కోసారి 20 ఏళ్ళ దాకా కూడా, మొలిచే శక్తిని కోల్పోవు. పైగా ఈ మొక్క బరువులో 90 శాతం పైన నీళ్ళే, అంటే ఆ రోజంతా పిల్లలు చెరువులోంచి చెరువు గట్టుకు మోసింది చాలావరకు నీళ్ళనే. మోసిన గుట్టని లారీలో ఎత్తించే ఏర్పాటు లేకపోతే మొదటి పెద్ద వానకు అందులో కొంత తిరిగి చెరువులోకే జారిపోతుంది.

నేను బయాలజీ చెప్తాను. పిల్లల్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చే భాగం, కాబట్టి వాళ్ళని చెరువులకు దూరంగా ఉంచమని నేను ఎప్పటికీ అనను. నేను అడుగుతున్నది ఒక్కటే, పనుల వరస మార్చమని. చెరువులో ఏ మొక్క ఎక్కడ ఎంత ఉందో ముందు వాళ్ళ చేత మ్యాపు గీయించండి, ఒక్కసారి గీయించి గోడకు తగిలించడం కాదు, నెల తర్వాత నెల, బ్యాచ్ తర్వాత బ్యాచ్, అదే చెరువుని అదే పద్ధతిలో గీయించండి. పీకడం, కోయడం, మొక్కని తినే పురుగుల్ని వదలడం, ఏదైనా సరే, ఆ మ్యాపు చూపించిన చోట చెయ్యండి. ఇందులో స్టూడెంట్లు చేయగలిగినది ఒకటుంది, అది జీతాలు తీసుకునే ఏ ఆఫీసూ చేయలేనిది, ఎందుకో చెప్తాను.

అసలు ఈ మొక్కతో ప్రభుత్వాలు పడిన తిప్పలు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అమెజాన్ ప్రాంతంలో పుట్టిన మొక్క, పువ్వు అందంగా ఉందని మనుషులే చేతుల్లో పెట్టుకుని ఖండాలు దాటించారు. 1910లో అమెరికాలో లూసియానాకు చెందిన రాబర్ట్ బ్రసార్డ్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆఫ్రికా నుంచి నీటి గుర్రాల్ని తెప్పిద్దాం, అవి గుర్రపుడెక్కని తినేస్తాయి, వాటిని మనం తినేద్దాం అని బిల్లు పెట్టాడు. ఆ బిల్లు పాసవలేదు, లేకపోతే ఈపాటికి అక్కడి స్టూడెంట్లు నీటి గుర్రాల మ్యాపు గీస్తూ ఉండేవాళ్ళు. బెంగాల్‌లో పడవ దారులూ వరి పొలాలూ దీనితో నిండిపోతే 1936లో ఏకంగా గుర్రపుడెక్క చట్టమే తెచ్చారు, 1937 ఎన్నికల్లో పార్టీలు దాన్ని నిర్మూలిస్తామని మేనిఫెస్టోల్లో రాసుకున్నాయి. చట్టం వచ్చింది, ఎన్నికలు అయ్యాయి, మొక్క ఇప్పటికీ అక్కడే ఉంది. అంత ఊపుతో దిగినా సరే, ఎక్కడ ఎంత ఉందో, తీశాక ఎంత తిరిగొచ్చిందో వరసగా చూసే ఏర్పాటు లేకపోతే ఆ ఊపంతా ఎటు పోయిందో కూడా తెలీదు.

సరే, మ్యాపు అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసి లొకేషన్ పెడితే మ్యాపింగ్ అయిపోయిందనుకుంటారు. అలా చేస్తే వచ్చేది మొక్కల మ్యాపు కాదు, ఒడ్డున ఎక్కడ నడవడానికి బావుందో దాని మ్యాపు. అందరూ దారి ఉన్న వైపే వెళ్తారు, పువ్వులున్న చోటే ఆగుతారు. అందుకే చెరువుల మీద పనిచేసేవాళ్ళు గళ్ళ పద్ధతి వాడతారు. చెరువు మీద సమాన దూరంలో గళ్ళు గీసుకుని, గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గరికీ, అక్కడ చూడదగ్గది ఉన్నా లేకపోయినా, పడవలో వెళ్ళి తీరాలి. వెళ్ళి ఒక రేక్ విసరాలి. తోటపనికి వాడే రేక్ తలలు రెండు తీసుకుని వెన్నుకు వెన్ను బిగించి తాడు కడితే చాలు, అదే పరికరం. అడుగుకు దించి, కాస్త లాగి, పైకి తీసి, పళ్ళకు ఏం తగులుకుందో చూసి పేరు రాయాలి, రేక్ ఎంత నిండిందో ఒకటి నుంచి మూడు దాకా మార్కు వేయాలి. లోతు రాయాలి. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడటానికి తెలుపూ నలుపూ రంగులు వేసిన పళ్ళెం లాంటి బిళ్ళని తాడుతో దించి అది కనబడటం మానేసే లోతు రాసుకోవాలి. ఈ బిళ్ళ కథ 1865లో ఆంజెలో సెకీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పోప్ గారి నౌక మీద మొదలుపెట్టాడు, అప్పట్నుంచీ దీనికన్నా చవకైన మంచి పరికరం నీళ్ళ దగ్గర రాలేదు.

బోరు కొట్టే పనే, ఒప్పుకుంటాను. చాలా బిందువుల్లో రేక్‌కి ఏమీ తగలదు. ఒకసారి ఒకమ్మాయి విసుగ్గా నన్ను అడిగింది, "మేడమ్, ఏమీ రాకపోతే ఆ గడి వదిలేద్దామా?" అని. వదలకూడదు, సున్నా అని రాయాలి. మొత్తం రిజిస్టర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ సున్నాలే. ఈ నెల ఇక్కడ ఏమీ లేదని రాసి ఉంటేనే వచ్చే నెల కనబడింది కొత్తగా వచ్చిందని చెప్పగలం. సున్నా రాయకుండా ఖాళీగా వదిలేస్తే, అక్కడ మొక్క లేదో, మనమే వెళ్ళలేదో, రేక్ సరిగ్గా దించలేదో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన చిన్న గుంపుని పట్టుకోవడమే ఈ యుద్ధంలో గెలవగలిగే ఒకే ఒక్క ఘట్టం, పరుచుకున్నాక మిగిలేది అదుపు మాత్రమే.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం. అక్కడ స్టారీ స్టోన్‌వర్ట్ అనే నాచు జాతి ఒకటి 2015లో కొరోనిస్ అనే సరస్సులో మొదటిసారి దొరికింది. చూడ్డానికి మామూలు నాచులాగే ఉంటుంది, చిన్న చిన్న తెల్లటి నక్షత్రాల్లాంటి బుడిపెలతో పెరుగుతుంది, ఒక్క బుడిపె మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. అక్కడి యూనివర్సిటీ వాళ్ళు 2017 నుంచి ఏడాదికోసారి, ఒకే రోజున, రాష్ట్రమంతా వాలంటీర్లని పడవలు దిగే రేవుల దగ్గరికి పంపి వెతికిస్తారు. ఎక్కువమందికి ఏమీ దొరకదు, ఆ సంగతే రాసి పంపుతారు. మొదటి ఏడాదే గ్రాండ్ లేక్ అనే సరస్సులో కొత్తగా దొరికింది, కొద్ది చోట్లే ఉండగానే దొరికింది కాబట్టి డైవర్లని దింపి చేత్తో తీయించగలిగారు. వెతికిన చోటు కూడా గమనించండి, పడవ రేవులు. ఈ మొక్కల ముక్కలు పడవల అడుగున, ట్రెయిలర్లకి, చేపల వలలకి పట్టుకుని ప్రయాణం చేస్తాయి. అందుకే నీటి నుంచి బయటికొచ్చాక శుభ్రం చెయ్యి, నీళ్ళు వంపెయ్యి, ఆరబెట్టు అని మూడు మాటలు చాలా దేశాల్లో బోర్డుల మీద రాస్తారు. చెరువు చెరువుకీ తిరిగే మ్యాపింగ్ టీమ్‌కి ఈ నియమం అందరికన్నా ముందు వర్తిస్తుంది. రేక్ కడగకుండా రెండో చెరువుకి వెళ్ళిన టీమ్ మ్యాపు గీయడం లేదు, మొక్కని డెలివరీ చేస్తోంది.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివిన మిత్రులు ఒక మాట అంటారు, శాటిలైట్ ఉండగా పిల్లలెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో, సుమారు 5 రోజులకోసారి అదే చోటు ఫోటో తీసి ఉచితంగా ఇస్తున్నాయి. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన బొమ్మలు 1972 నుంచీ ఉన్నాయి. నీటి మీద తేలే పచ్చటి పరుపుని చూడ్డానికి ఇవి అద్భుతం, నేనూ పిల్లల చేత వాడిస్తాను, ఒక చెరువు గత ముప్పయ్యేళ్ళు వరసగా కంప్యూటర్ తెర మీద చూడ్డం వాళ్ళకి సినిమా కన్నా ఎక్కువ నచ్చుతుంది. కానీ మబ్బు పడితే ఏమీ కనబడదు, వానాకాలంలో ఈ మొక్కలు బాగా కదిలే రోజుల్లోనే మబ్బులుంటాయి. పచ్చగా కనబడింది గుర్రపుడెక్కా, అంతరతామరా, మామూలు తామరా, నాచు తెట్టా అన్నది ఆకాశంలోంచి తేల్చడం కష్టం. నీళ్ళ అడుగున పెరిగేవైతే చాలావరకు కనబడనే కనబడవు. ఇంకోటి, 10 మీటర్ల గడిలో అరచేతంత గుంపు ఏం కనబడుతుంది? మనం పట్టుకోవాల్సింది సరిగ్గా ఆ అరచేతి గుంపునే. శాటిలైట్ ఇచ్చేది అనుమానం, దాన్ని రూఢి చేయడానికి మనిషి వెళ్ళి ఆకు తిప్పి చూడాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: పిల్లలు తప్పు రాస్తారు. రాస్తారు. ఎంత తప్పు రాస్తారు అన్నది మాత్రం కొలవగలిగిన విషయం, కొలిచారు కూడా. అమెరికా తూర్పు తీరంలో, న్యూజెర్సీ నుంచి మెయిన్ రాష్ట్రం దాకా, దాదాపు వెయ్యిమంది వాలంటీర్లతో పీతల మీద ఒక సర్వే చేశారు, డేవిడ్ డెలానీ బృందం 2008లో దాన్ని ప్రచురించింది. స్థానిక పీత ఏది, బయట్నుంచి వచ్చింది ఏది అని గుర్తుపట్టడంలో మూడో తరగతి పిల్లలు 80 శాతం పైగా, ఏడో తరగతి వాళ్ళు 95 శాతం పైగా సరిగ్గా చెప్పారు. ఏడో తరగతి! పీతలు వేరు మొక్కలు వేరు, నిజమే, నీటి మొక్కల్లో కొన్నిటిని నిపుణులే సూక్ష్మదర్శిని కింద పెట్టి తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే ప్రతి రికార్డుకీ ఫోటో ఉండాలి, అనుమానం ఉన్నదాన్ని నొక్కి ఎండబెట్టిన నమూనా ఉండాలి, కొన్ని గళ్ళని రెండో టీమ్ మొదటివాళ్ళు ఏం రాశారో చూడకుండా మళ్ళీ చెయ్యాలి. అప్పుడు తప్పు ఎంతుందో లెక్క మన చేతిలోనే ఉంటుంది. పెద్దవాళ్ళ ఆఫీసు రిపోర్టుల్లో ఆ లెక్క ఎప్పుడైనా చూశారా?

పేరు తప్పు రాయడం ఎంత ఖరీదైన వ్యవహారమో నీటి మీద తేలే సాల్వినియా అనే మొక్క కథ వింటే తెలుస్తుంది, ఆ తప్పు చేసింది పిల్లలు కాదు. జాంబియా, జింబాబ్వేల మధ్య కరీబా అనే పెద్ద రిజర్వాయర్ కట్టాక కొద్ది ఏళ్ళకే, 1962 నాటికి, సాల్వినియా దాని మీద సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు పరుచుకుంది. దాన్ని అప్పట్లో శాస్త్రవేత్తలు సాల్వినియా ఆరిక్యులేటా అనుకున్నారు. సరే ఆ మొక్కని తినే ముక్కుపురుగు ఏదో చూద్దామని దక్షిణ అమెరికా వెళ్ళి, ఆరిక్యులేటా మీద దొరికిన పురుగుల్ని తెచ్చి వేర్వేరు దేశాల్లో వదిలారు. పని జరగలేదు. 1972లో డేవిడ్ మిచెల్ అనే శాస్త్రవేత్త ఇది అసలు ఆ మొక్కే కాదు, వేరే జాతి అని తేల్చి సాల్వినియా మొలెస్టా అని పేరు పెట్టాడు. 1978లో దాని అసలు పుట్టిల్లు బ్రెజిల్ ఆగ్నేయ ప్రాంతంలో దొరికింది, అక్కడ దాన్ని తినే ముక్కుపురుగూ దొరికింది. 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో దాన్ని వదిలితే ఏడాది కాస్త దాటేసరికి సాల్వినియా పరుపు మొత్తం కుప్పకూలింది. విచిత్రం ఏంటంటే ఈ పురుగుని కూడా మొదట పాత పురుగే అనుకున్నారు, అది వేరే జాతి అని తర్వాత 1985లో పేరు పెట్టుకున్నారు. అదే మొక్క మీద కేరళలోనూ ఆ పురుగు బాగా పనిచేసింది. ఒక పేరు సరిగ్గా తేలడానికి ఇన్నేళ్ళు పట్టింది, అన్నేళ్ళూ మొక్క పెరుగుతూనే ఉంది. ఈ కథ విన్న స్టూడెంట్ ఆకు మీది వెంట్రుకలు లెక్కపెట్టమంటే ఇంక విసుక్కోడు. సాల్వినియా మొలెస్టా ఆకు మీద వెంట్రుకల చివర్లు గుడ్డు గిలక్కొట్టే విస్క్ లాగా కలిసిపోయి ఉంటాయి, భూతద్దంలో పెడితే చూసి వదలబుద్ధి కాదు.

ఇంకో చిక్కు, పచ్చగా పెరిగేదంతా శత్రువు అనుకోవడం. ఒక్కరోజు శ్రమదానాల్లో ఎక్కువ జరిగే నష్టం ఇదే. నీటి అడుగున పెరిగే హైడ్రిల్లా అనే మొక్కని తీసుకోండి. 1950ల్లో అక్వేరియం మొక్కగా ఫ్లోరిడాలో అడుగుపెట్టి అమెరికా సరస్సుల్ని ముంచేసింది, అక్కడ అది పెద్ద విలన్. మన ఉపఖండంలో అది ఇక్కడిదే, చేప పిల్లలు దాక్కునే చోటు, నీటిపక్షుల తిండి. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు వీడియో చూసి వచ్చి దాన్ని పెరికేసే ఉత్సాహవంతులు ఉంటారు. మొక్కకి విలన్ అనే గుణం పుట్టుకతో రాదు, ఎక్కడుంది, ఎంత ఉంది, పక్కన ఉన్నవాటిని ఏం చేస్తోంది అన్నదాన్ని బట్టి వస్తుంది. ఆ మూడూ మ్యాపు లేకుండా తెలిసే అవకాశం లేదు.

మరి పిల్లలు అదుపు పనిలో దిగనే కూడదా అంటే, దిగాలి, మ్యాపు చెప్పాక. చిన్నగా, కొత్తగా వచ్చిన గుంపు, వేరుతో సహా మొత్తం తీసేయగలిగినది, తీసి నీటికి దూరంగా ఎండబెట్టగలిగినది ఉంటే అది వాళ్ళదే. దాన్ని తీశాక మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసేదీ వాళ్ళే. మిల్‌ఫాయిల్ లాంటి నీటి అడుగు మొక్కల్ని అడ్డదిడ్డంగా కోస్తే ప్రతి ముక్కా కొత్త మొక్క అవుతుంది కాబట్టి వాటి జోలికి వెళ్ళకూడదు. కలుపు మందులు పిల్లల చేతికి ఇవ్వకూడదు, ఇందులో చర్చ లేదు. నిండు చెరువులో ఒకేసారి మందు కొడితే చచ్చిన మొక్కలన్నీ కుళ్ళి నీటిలో ఆక్సిజన్ అయిపోయి చేపలు తేలతాయి, ఆ పని అనుమతులూ అనుభవమూ ఉన్నవాళ్ళది. దట్టమైన పరుపులోకి నడిచి దిగనివ్వకూడదు, కింద లోతు తెలీదు, కాళ్ళకి తీగలు చుట్టుకుంటాయి, పాములుంటాయి, మురుగు కలిసే నీళ్ళైతే లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు కూడా. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కించే టీచర్‌కి నేను నమస్కారం పెట్టను.

పిల్లలకి బాగా నప్పే అదుపు పని ఒకటుంది, పురుగుల పెంపకం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తేమ నేలల్ని ఆక్రమించే పర్పుల్ లూజ్‌స్ట్రైఫ్ అనే మొక్క కోసం 1990ల నుంచి స్కూలు పిల్లలూ, మామూలు జనమూ గలెరుసెల్లా అనే చిన్న పెంకుపురుగుల్ని తొట్లలో పెంచి చిత్తడి నేలల్లో వదులుతున్నారు. పురుగు ఆ మొక్కనే తింటుందని ముందు ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి, ప్రభుత్వం ఒప్పుకున్నాకే. ఇందులో పాఠం ఉంది, ఓపిక ఉంది, జీవి మీద శ్రద్ధ ఉంది, సొంత తెలివితో ఏదో పురుగు తెచ్చి వదలకూడదన్న క్రమశిక్షణ కూడా ఉంది. గుర్రపుడెక్క మీద పనిచేసే నియోకెటినా ముక్కుపురుగుల్ని మన దేశానికి 1980ల మొదట్లోనే తెచ్చి బెంగళూరు చెరువుల్లో వదిలారు. ఇవి మొక్కని ఒక్కరోజులో చంపవు, ఆకు మీద చిన్న చిన్న చదరపు గీతలు పెడుతూ మెల్లగా నీరసపెడతాయి. ఆ గీతల్ని ఆకుకి ఎన్ని అని లెక్కపెట్టడం ఎనిమిదో తరగతి పిల్లకి చక్కగా సరిపోయే పని. పురుగులున్న చోటు మ్యాపులో లేకపోతే ఏమవుతుందంటే, కాంట్రాక్టర్ మెషిన్ వచ్చి సరిగ్గా ఆ మూలే గోకి పురుగులతో సహా ఎత్తుకుపోతుంది.

మ్యాపు ఉంటే గొప్పలు చెప్పుకోవడం కూడా కష్టమవుతుంది, అది నాకు అదనపు సంతోషం. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో గుర్రపుడెక్క 1998కి 17,000 హెక్టార్లు దాటి పరుచుకుని, ఆ తర్వాత హఠాత్తుగా తగ్గిపోయింది. 1995 నుంచి వదిలిన ముక్కుపురుగుల ఘనత అన్నారు కొందరు, 1997–98 ఎల్‌నినో తెచ్చిన వానలూ, అలలూ, మబ్బుల వల్ల అన్నారు ఇంకొందరు, రెండూ కలిసి చేశాయి అన్నారు మరికొందరు, ఆ వాదన ఏళ్ళ తరబడి పత్రికల్లో నడిచింది. అంత పెద్ద సరస్సుకే అంత గందరగోళం ఉంటే మామూలు చెరువు సంగతి చెప్పేదేముంది. వరద వచ్చి మొక్కని కిందికి కొట్టుకుపోతే మేమే శుభ్రం చేశామని చెప్పుకునేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. తేదీలతో రిజిస్టర్ ఉంటే అలా కుదరదు.

ఇప్పుడు పెద్దవాళ్ళకి ఇబ్బంది కలిగించే విషయానికి వస్తాను. నిజాయితీగా గీసిన ఏ మ్యాపైనా చివరికి ఒక కాలువ దగ్గరికి తీసుకెళ్తుంది. గళ్ళన్నిట్లో మార్కులు రంగులుగా వేసి చూస్తే ఎక్కడ దట్టంగా ఉందో అక్కడికి పైన మురుగో, ఎరువులు కడిగిన పొలం నీళ్ళో వచ్చి కలుస్తున్నాయని పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. నత్రజని, భాస్వరం పుష్కలంగా దొరికే నీళ్ళలో ఈ మొక్కలు పెరగకపోతేనే ఆశ్చర్యం. తిండి పెట్టడం ఆపకుండా మొక్కని మాత్రం తీసేస్తే ఆ ఖాళీ జాగా ఇంకోటి ఆక్రమిస్తుంది. దక్షిణాఫ్రికాలో హార్ట్‌బీస్ట్‌పోర్ట్ అనే డ్యామ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2018 నుంచి మెగమెలస్ అనే రసం పీల్చే పురుగుల్ని వదులుతూ, ఒడ్డున ఉండే జనం కూడా వాటిని పెంచి ఇస్తూ, గుర్రపుడెక్కని బాగా అణిచారు, గొప్ప విజయమే. నీళ్ళలో మురుగు పోషకాలు మాత్రం అలాగే ఉన్నాయి, కొన్నేళ్ళకి సాల్వినియా జాతి మొక్క ఒకటి వచ్చి అదే నీటి మీద పరుచుకుంది.

అందుకే చాలా చోట్ల పిల్లలు పీకడానికి వస్తామంటే బిస్కెట్లు పెట్టి మరీ పిలుస్తారు, మ్యాపు గీస్తామంటే ఎందుకమ్మా అంటారు. మేము ఒకసారి ఇలాంటి మ్యాపు పట్టుకెళ్ళి ఒక ఆఫీసులో ఇస్తే, అక్కడి పెద్దమనిషి పిల్లల్ని మెచ్చుకుని, అందరికీ సర్టిఫికెట్లు ఇప్పిస్తానన్నారు. కాలువ గురించి ఒక్క మాట అడగలేదు. మ్యాపు అడ్డం తిప్పి, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారు అని మాత్రం అడిగారు. పిల్లలకి అర్థమవుతాయి ఇవన్నీ, మనం అనుకున్నంత అమాయకులేం కాదు. బయటికొచ్చాక ఒకబ్బాయి, "సర్టిఫికెట్ మీద గడి నంబర్ రాయించుకుంటే బావుండేది మేడమ్," అన్నాడు.

స్టూడెంట్లు చేయగలిగినది, ఏ ఆఫీసూ చేయలేనిది ఒకటుందని అన్నాను కదా. ఆఫీసులో మనిషి బదిలీ అవుతాడు, టెండర్ ఏడాదికి ముగుస్తుంది, ప్రాజెక్టుకి వచ్చిన డబ్బులు మూడేళ్ళకి అయిపోతాయి. ఒక స్కూలు మాత్రం అదే చోట ఉంటుంది, ఏటా ఎనిమిదో తరగతిలోకి కొత్త పిల్లలు వస్తారు, చెరువు నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటుంది. పాత బ్యాచ్ కొత్త బ్యాచ్‌కి రేక్ విసరడం నేర్పి, రిజిస్టర్ అప్పగించి వెళ్ళాలి. పదేళ్ళ రికార్డు ఉన్న చెరువులు ప్రపంచంలో ఎంత తక్కువో ఈ రంగంలో ఉన్నవాళ్ళని అడగండి, అలాంటి రికార్డు ఎక్కడుందన్నా రీసెర్చ్ చేసేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. పరీక్షల టైమ్‌లో ఎవరు వెళ్తారు అంటారా, తొమ్మిదో తరగతి పరీక్షలప్పుడు ఏడో తరగతి వెళ్తుంది, సెలవుల్లో దగ్గర్లో ఉన్న నలుగురు వెళ్తారు, ఒక నెల తప్పితే తప్పిందని రిజిస్టర్‌లో రాస్తారు, తర్వాత ఊహించి నింపరు. దీనికి మార్కులు ఇవ్వాలా అంటే, ఇవ్వండి, కానీ మొక్క దొరికినందుకు ఇవ్వకండి. దొరికితేనే మార్కులంటే మొక్కలు కుప్పలుగా దొరుకుతాయి, లేని చోట కూడా. గళ్ళన్నీ పూర్తి చేసినందుకు ఇవ్వండి.

మ్యాపు ఎవరికి ఇవ్వాలి అన్నదాంట్లో ఎక్కువమంది ఆగిపోతారు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో ఫోటోలు పెడితే జాతి గుర్తుపట్టడంలో ప్రపంచంలో ఎవరో ఒకరు సాయం చేస్తారు, పెట్టండి. గళ్ళ లెక్క, సున్నాలతో సహా, అందరూ చూడగలిగే ఒక షీట్‌లో విడిగా పెట్టండి, యాప్‌లో సున్నాలకి చోటుండదు. చెరువు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళకి ఒక కాపీ రాతపూర్వకంగా ఇచ్చి తేదీ వేయించుకోండి, కొత్త గుంపు ఏ గడిలో ఉందో, ఎన్ని వారాల్లో తీయాలో, ఏ కాలువ నీళ్ళు పరీక్ష చేయించాలో మూడు వాక్యాల్లో అడగండి. జవాబు రాకపోతే వచ్చే నెల మ్యాపు దాని మీద పిన్ను కొట్టి మళ్ళీ ఇవ్వండి. ఆ పై నెల మూడోది. చేపలు పట్టేవాళ్ళకీ ఒక కాపీ ఇవ్వండి, వలకి ఏం తగులుతోందో వాళ్ళు అందరికన్నా ముందు చెప్తారు, పైగా ఆఫీసులో వాళ్ళు అడిగే తీరు వేరుగా ఉంటుంది.